ఆన్-రోడ్ కాగితం మీద బేరం

విజయవాడ మనిషికి బేరం ఆడటం ఎవరూ నేర్పనక్కర్లేదు. బీసెంట్ రోడ్డులో చెప్పిన ధరకు సగం నుంచి మొదలుపెట్టేవారు, వన్‌టౌన్ బట్టల కొట్లో లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి పిలిపించుకునేవారు, బందరు రోడ్డు మీద ఏసీ షోరూములోకి అడుగుపెట్టి చల్లని నీళ్ల సీసా అందుకోగానే మెత్తబడిపోతారు. ‘డిస్కౌంట్ ఏమైనా ఉందాండీ’ అని అడిగి, ఎదుటివారు చెప్పిన అంకెకు తలూపి, బుకింగ్ డబ్బు కట్టి వచ్చేస్తారు. చీర మీద రెండొందలు తగ్గించడానికి గంట కూర్చునే ఓపిక కారు మీద యాభై వేల దగ్గర ఎందుకు ఉండదన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. బహుశా ఎక్కడ బేరం ఆడాలో తెలియకపోవడమే దానికి కారణం కావచ్చు.

మా ఇంటికి ఈమధ్య ఒక చిన్న కారు కొన్నాము. ఏ కంపెనీ, ఏ షోరూము అన్నది ఈ విషయానికి అవసరం లేదు కనుక చెప్పను. ఎక్స్-షోరూమ్ ధర, అంటే రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కలపని ధర, 8 లక్షల 20 వేలు ఉన్న పెట్రోలు బండి అని మాత్రం తెలిస్తే చాలు. విజయవాడలోనూ గుంటూరులోనూ తీసుకున్న కొటేషన్లన్నిటినీ, అంటే అన్నీ కలిపి బండి రోడ్డెక్కడానికి అయ్యే ఆన్-రోడ్ ధర లెక్కగట్టి ఇచ్చిన కాగితాలను, పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేలిన సంగతి ఏమిటంటే, వాటిలో పై వరుస, అంటే కారు అసలు ధర, అన్నిటిలోనూ ఒక్కటే. కింది వరుసలు మాత్రం ఏ రెండింటిలోనూ కలవలేదు. డీలరుకు కంపెనీ ఇచ్చే మార్జిను చిన్న కార్ల మీద ఎలాగూ తక్కువ. ఆ తక్కువలోనే మనకు తగ్గించి, తనకు కావలసిన లాభాన్ని ఇన్సూరెన్సు, యాక్సెసరీలు, లోను, పాత కారు మారకం అనే నాలుగు దారుల్లో రాబట్టుకుంటాడు. ఇందులో తప్పేమీ లేదు. వ్యాపారం అలాగే నడుస్తుంది. కానీ కొనేవారు పై వరుస దగ్గరే కుస్తీ పడుతూ కింది వరుసలను ప్రభుత్వం విధించిన పన్నుల్లా కట్టేస్తే, తగ్గిందనుకున్న డబ్బు ఆ నాలుగు దారుల్లోనే తిరిగి వెళ్లిపోతుంది.

ముందుగా పై వరుస సంగతి చెప్పుకుంటే, నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలుకైతే 1200 సీసీ, డీజిలుకైతే 1500 సీసీ దాటని ఇంజను ఉన్న కార్లకు పన్ను లెక్క వేరు. 2025 సెప్టెంబరు 22కు ముందు ఈ కార్ల మీద 28 శాతం జీఎస్టీ, దానిపైన పెట్రోలుకు 1 శాతం, డీజిలుకు 3 శాతం సెస్సు ఉండేవి. ఆ రోజు నుంచి సెస్సు పోయి పన్ను 18 శాతానికి దిగింది. విచిత్రంగా అదే రోజు ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులు మొదలయ్యాయి. పన్ను తగ్గడం, దసరా రావడం ఒకేసారి జరగడంతో ఆ పది పదకొండు రోజులు షోరూముల్లో కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు, బేరానికి అసలే చోటు లేకపోయింది. నేను విన్న ఒకటి రెండు చోట్ల పన్ను తగ్గింపును సైతం తాము ఇస్తున్న ఆఫరులాగే వివరించారు. చట్టం తగ్గించిన దానికి డీలరుకు కృతజ్ఞత చెప్పుకోవలసిన పని లేదు. ఇప్పుడు ఎక్స్-షోరూమ్ ధర అంటే ఆ తగ్గిన పన్నును కలుపుకున్న ధరే. అది కంపెనీ వెబ్‌సైటులో ఊరి పేరు కొట్టి చూస్తే కనిపిస్తుంది. షోరూములో అంతకంటే పైసా ఎక్కువ చెప్పినా అక్కడే ఆపి అడగాలి.

దాని కింద వచ్చేది లైఫ్ ట్యాక్సు. ఇది రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది, ఇందులో బేరం లేదు. అయితే కారు విలువ 10 లక్షలు దాటితే ఈ పన్ను శాతం పెరుగుతుంది. దానితోపాటు 10 లక్షలు దాటిన కారు మీద ఆదాయపు పన్ను కింద అమ్మేవారే ముందుగా పట్టుకునే 1 శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు, దాన్ని రిటర్ను వేసేటప్పుడు తిరిగి రాబట్టుకోవచ్చు. అందుచేత సన్‌రూఫ్ కోసమో పెద్ద టచ్‌స్క్రీన్ కోసమో ఒక వేరియంటు పైకి ఎక్కి 10 లక్షల గీత దాటేవారు, ఆ గీత అవతల పెరిగేది వేరియంటు తేడా ఒక్కటే కాదని లెక్క వేసుకోవాలి. విజయవాడ, గుంటూరు రెండూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి కనుక పన్నులో తేడా రాదు. వెనకటికి బండి వెనుక ఏపీ 16 అని ఉంటే బెజవాడదనీ, ఏపీ 07 అని ఉంటే గుంటూరుదనీ చెప్పేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే సిరీసు వచ్చాక ఆ ముచ్చట కూడా పోయింది. కాబట్టి పటమటలో ఉంటూ గుంటూరులో కారు కొన్నా నష్టమేమీ లేదు.

అసలు కథ ఇన్సూరెన్సు వరుసలో ఉంది. మాకు వచ్చిన మొదటి కొటేషనులో ఇన్సూరెన్సు ఎదురుగా 41 వేలు అని ఒకే అంకె వేసి ఉంది. దాన్ని విడగొట్టి రాసిమ్మని అడిగితే కన్సల్టెంటు కుర్రాడు కాస్త ఇబ్బంది పడ్డాడు కానీ ఇచ్చాడు. అందులో థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే భాగం, మూడేళ్లకు కలిపి ఒకేసారి కట్టాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ సుప్రీంకోర్టు ఆదేశంతో ఇది తప్పనిసరి అయింది. 1000 నుంచి 1500 సీసీ మధ్య ఇంజను ఉన్న కొత్త కారుకు 2022 జూన్‌లో వచ్చిన రేటు ప్రకారం అది 10,640 రూపాయలు. దీన్ని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కనుక ఏ కంపెనీలో తీసుకున్నా ఒకటే. మిగిలినది మన కారుకు జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం, దానిపై జీరో డెప్ (విడిభాగాల తరుగుదల కోయకుండా క్లెయిము ఇచ్చేది), ఇంజన్ ప్రొటెక్ట్ వంటి అదనపు కవర్లు, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద ఇన్సూరెన్సు కంపెనీలు ఇచ్చే తగ్గింపు ఒకచోట 20 శాతం, మరొకచోట 60 శాతం ఉంటుంది. ఆ నడుమ ఉన్న అంతరమే డీలరుకు ఆదాయం.

అదే కారుకు, అదే ఐడీవీకి (కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చే మొత్తానికి), అంటే ఎక్స్-షోరూమ్ ధరలో 95 శాతానికి, అవే అదనపు కవర్లతో బయట కొటేషను తీసుకుంటే 29 వేల దగ్గర వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బయట చవకగా కనిపించే పాలసీల్లో కొన్నిటికి ఐడీవీ తగ్గించి చూపిస్తారు, కొన్నిటిలో జీరో డెప్ ఉండదు, కొన్నిటికి మన షోరూము వర్క్‌షాపులో క్యాష్‌లెస్ ఉండదు. ఈ మూడూ సరిపోల్చకుండా ప్రీమియం అంకెలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూడటం వల్ల ప్రయోజనం లేదు. కారు కొన్నచోటే ఇన్సూరెన్సు తీసుకోవాలని కొనుగోలుదారును బలవంతపెట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనలు ఒప్పుకోవు. ఈ సంగతి షోరూములో అందరికీ తెలుసు, మనం అడిగేదాకా ఎవరూ చెప్పరు. నా ఉద్దేశంలో బయటి కొటేషను చూపించి డీలరునే దానికి దగ్గరగా రమ్మనడం మంచి పద్ధతి. రెండు మూడు వేల తేడా ఉన్నా డీలరు దగ్గరే తీసుకుంటాను, ఎందుకంటే రేపు బంపరు పగిలినప్పుడు క్లెయిము కాగితాలు వాళ్లే చూసుకుంటారు. పన్నెండు వేల తేడాకు మాత్రం ఆ సౌకర్యం సరిపోదు.

ఇంజన్ ప్రొటెక్ట్ కవరు అక్కర్లేదని కొట్టేసి ఇంకో రెండు వేలు మిగుల్చుకోమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. మన ఊళ్లో ఆ సలహా వినకూడదని నా గట్టి అభిప్రాయం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు ఇళ్ల ముందు ఆపిన కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. మామూలు పాలసీలో వరద నష్టానికి రక్షణ ఉన్నప్పటికీ, నీళ్లు దూరిన ఇంజన్ను స్టార్టు చేయబోయినందువల్ల లోపల రాడ్డు వంగితే ఆ ఖర్చు సాధారణంగా అందులోకి రాదు. దానికే ఈ కవరు. బేరం అంటే తగ్గించడం ఒక్కటే కాదు, ఏది తగ్గించకూడదో తెలిసి ఉండటం కూడా.

ఇన్సూరెన్సులోనే మరొక సంగతి ఉంది, దీన్ని ఎక్స్చేంజిలో పాత కారు ఇచ్చేవారు తరచుగా వదిలేస్తారు. క్లెయిము లేకుండా గడిచిన సంవత్సరాలకు వచ్చే నో క్లెయిమ్ బోనసు కారుది కాదు, యజమానిది. ఐదేళ్లు వరుసగా క్లెయిము లేకపోతే అది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా చేరుతుంది. పాత కారు అమ్మిన కాగితాలు చూపించి, పాత ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఉత్తరం తెచ్చుకుంటే ఆ బోనసు మొత్తం కొత్త కారు పాలసీకి బదిలీ అవుతుంది, మూడేళ్ల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. పదిహేనేళ్లుగా గీత పడకుండా కారు నడిపిన పెద్దమనిషి ఒకరు ఈ బోనసు సంగతే ఎత్తకుండా కొత్త కారు పాలసీకి పూర్తి ప్రీమియం కట్టడం నేను చూశాను. షోరూములో ఎవరూ ఆయనను అడగలేదు.

మిగిలిన వరుసలను త్వరగా చూసేయవచ్చు. రిజిస్ట్రేషన్ ఛార్జీలు అని 6,500 వేసి ఉంది. కేంద్ర నిబంధనల ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను ఫీజు 600, లోను ఉంటే హైపోథికేషను, అంటే కారు మీద అప్పిచ్చినవారి హక్కు, రాయడానికి 1,500, కార్డుకు మరో 200, ఆపైన సర్వీసు ఛార్జీ. మిగిలినది ఎవరికి వెళ్తుందని అడిగితే ఎదుట ఉన్నవారు నవ్వి ఊరుకున్నారు. హ్యాండ్లింగ్ అని ఒకచోట, లాజిస్టిక్స్ అని ఇంకోచోట కనిపించే 9 వేలు ఫ్యాక్టరీ నుంచి యార్డుకు బండి తెచ్చినందుకట. ఫ్యాక్టరీ నుంచి షోరూముకు రాని కారుకు ఎక్స్-షోరూమ్ ధర ఎలా వస్తుందో ఆలోచించండి. ఈ వరుసను గట్టిగా కొట్టేయమంటే కొట్టేస్తారు, దానికి పెద్ద వాదన అవసరం రాలేదు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ చెడ్డది కాదు, కానీ చాలా కంపెనీల్లో మొదటి వారంటీ ముగియకముందు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆలస్యమైతే ధర కొంత పెరుగుతుంది, అయినా తొలిరోజే కట్టి దానికి ఐదేళ్ల వడ్డీ మోయడం కన్నా అది నయం. యాక్సెసరీల విషయానికి వస్తే, ఎసెన్షియల్ కిట్టు పేరుతో మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు, సీటు కవర్లు, డోర్ వైజర్లు, బాడీ కవరు, స్టీరింగు కవరు కలిపి 22 వేలు రాశారు. ఆటోనగర్ పక్కన పెట్టుకుని విజయవాడవాళ్లు ఈ కిట్టుకు డబ్బు కట్టడం నాకు అర్థం కాదు. అవే సామాన్లు, చాలా వరకు అదే నాణ్యతతో, అక్కడ సగంకంటే తక్కువలో దొరుకుతాయి. కరెంటు వైర్లు కోయాల్సిన పనులను, అంటే కెమెరా, మ్యూజిక్ సిస్టమ్, ఫాగ్ ల్యాంపులను, మాత్రం షోరూములోనే చేయించాలి. వైరింగు తెగిందంటే ఎలక్ట్రికల్ వారంటీ దగ్గర గొడవ మొదలవుతుంది. కాబట్టి బేరంలో అడగవలసినవి సీటు కవర్లు కావు, రివర్స్ కెమెరా వంటివి.

మా బావగారిది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ధరలు పడటం, లేవటం రోజూ చూసే మనిషి కావడంతో ఆయనను వెంటబెట్టుకుని వెళ్లాను. కన్సల్టెంటు తన కాగితం మీద ఆఫర్లు ఒక్కొక్కటి రాస్తూ చదివాడు: ‘క్యాష్ డిస్కౌంట్ 20 వేలు సార్, ఎక్స్చేంజ్ బోనస్ 15 వేలు, కార్పొరేట్ 3 వేలు, మొత్తం మీకు 38 వేలు మిగులుతుంది.’ బావగారు కాగితం వైపు చూడలేదు. ‘అవన్నీ మీ లెక్కలు బాబూ. బండి తాళం మా చేతికి రావాలంటే మేమెంత కట్టాలి? ఒక్క అంకె చెప్పు’ అన్నారు. కుర్రాడు కాలిక్యులేటర్ నొక్కి 9 లక్షల 92 వేలు అన్నాడు. ‘సరే, ఇప్పుడు ఆ అంకెలో ప్రభుత్వానికి పోయేదెంతో, మీకు పోయేదెంతో రెండు వరుసలుగా రాయి’ అన్నారు బావగారు. ఆ తర్వాత కుర్రాడు రెండుసార్లు అద్దాల క్యాబిన్‌లోకి వెళ్లి వచ్చాడు, మూడోసారి సేల్స్ మేనేజరుగారే బయటికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

బావగారి పద్ధతిలో నాకు నచ్చింది ఆయన గొంతు పెంచకపోవడం. మేనేజరుగారు ‘ఇంతకంటే తగ్గిస్తే నా జేబులోంచి పెట్టుకోవాలండీ’ అన్నప్పుడు, ‘మీ జేబు జోలికి మేమెందుకు వస్తామండీ, ఇన్సూరెన్సు మేం బయట చేయించుకుంటాం, కిట్టు వద్దు, వారంటీ తర్వాత తీసుకుంటాం, హ్యాండ్లింగు తీసేయండి, ఇప్పుడు చెప్పండి’ అన్నారు. ఇన్సూరెన్సు బయటికి పోతుందనగానే అది 41 వేల నుంచి 29 వేలకు అక్కడికక్కడే దిగింది. చివరికి ఆ 9 లక్షల 92 వేలు 9 లక్షల 21 వేల దగ్గర ఆగింది. ఇంటికి వచ్చాక లెక్క చూసుకుంటే, తగ్గిన 71 వేలలో కారు ధర మీద అదనంగా తగ్గినది 8 వేలు మాత్రమే. మిగిలిన 63 వేలూ కింది వరుసల నుంచే వచ్చాయి.

ఆ 8 వేలు కూడా ఊరికే రాలేదు. గుంటూరులో వేరే డీలరు ఇచ్చిన కొటేషను మా చేతిలో ఉంది. ‘వేరే డీలరు’ అన్న మాట ఇక్కడ ముఖ్యం. ఒకే యజమానికి విజయవాడలో రెండు, గుంటూరులో ఒకటి, తెనాలిలో ఒకటి ఇలా శాఖలు ఉండటం మన దగ్గర మామూలే. అదే యజమాని రెండు శాఖల నుంచి తెచ్చిన కాగితాలతో పోటీ పెట్టలేము, మన ఫోను నంబరు కొట్టగానే మనం ఎక్కడెక్కడ తిరిగామో వాళ్లకు తెలిసిపోతుంది. కొటేషను మీద ఉన్న జీఎస్టీ నంబరు, కంపెనీ పేరు చూస్తే శాఖలు ఒకరివో వేరువేరువో తెలుస్తుంది. కాజ టోల్‌గేటు దాటి అవతలి ఊరికి వెళ్లేముందు ఆ పేరు చూసుకోవడం మేలు.

ముహూర్తం గురించి చెప్పడం కాస్త సున్నితమైన పని. మా అమ్మగారు మంచిరోజు చూడకుండా ఇంట్లోకి గిన్నె కూడా తేనివ్వరు, ఆ పట్టింపును నేను తక్కువ చేయను. కానీ షోరూములో అడుగుపెట్టగానే ‘వచ్చే శుక్రవారం దశమి, ఆ రోజు పదిన్నరకు డెలివరీ కావాలి’ అని చెప్పామంటే బేరం అక్కడితో అయిపోయినట్లే, ఎందుకంటే మనం లేచి వెళ్లిపోలేమని ఎదుటివారికి తెలిసిపోయింది. ధర మొత్తం తేలి, కాగితం మీదికి వచ్చిన తరువాతే రోజు మాట ఎత్తాలి. శ్రావణంలో, దసరాకు, దీపావళికి బండ్లు వాటంతట అవే అమ్ముడుపోతాయి. ఆషాఢంలో, మూఢంలో, ధనుర్మాసంలో షోరూములు ఖాళీగా ఉంటాయి, టార్గెట్లు మాత్రం ఖాళీగా ఉండవు. డీలరు కంపెనీ దగ్గర బండ్లను అప్పు తెచ్చిన డబ్బుతో కొంటాడు, యార్డులో నిలిచిన ప్రతి బండి మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కనుక నెలాఖరు, అందులోనూ మూడు నెలల లెక్క ముగిసే నెలాఖరు, కొనేవారికి అనుకూలం. కొనే ఒప్పందం ఆషాఢంలో చేసుకుని, డెలివరీ శ్రావణంలో తీసుకునే ఉపాయం కూడా కొందరు చేస్తారు. అప్పుడు మాత్రం ఆషాఢం ఆఫరు శ్రావణంలో డెలివరీకి వర్తిస్తుందని రాయించుకోవాలి. సాధారణంగా కంపెనీ ఆఫర్లు ఇన్వాయిసు పడిన నెలను బట్టి ఉంటాయి తప్ప బుకింగు నెలను బట్టి కాదు.

డిసెంబరులో డిస్కౌంట్లు పెద్దవిగా ఉండటానికి కారణం వేరు. బండి ఏ నెలలో, ఏ సంవత్సరంలో తయారైందో ఆర్‌సీ మీద ఉంటుంది, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట చూసేది ఆ సంవత్సరాన్నే. డిసెంబరు 28న కొన్న బండికి నాలుగు రోజుల్లో ఒక ఏడాది వయసు వస్తుంది. నాలుగైదేళ్లలో మార్చేసే అలవాటు ఉన్నవారికి ఆ డిస్కౌంటు చివరికి రీసేలులో పోతుంది. మా ఇంట్లోలా పది పన్నెండేళ్లు వాడేవారికి దానివల్ల నష్టం తక్కువ, లాభమే ఎక్కువ. జనవరిలో ధరలు పెంచడం కంపెనీలకు అలవాటు కనుక, జనవరిలో దొరికే నిరుటి బండి మీద డిసెంబరుకంటే ఎక్కువ తగ్గింపు అడగడం న్యాయం.

లోను దగ్గర మోసం అనలేము కానీ మాటల గారడీ చాలా ఉంది. షోరూములోనే కూర్చునే ఫైనాన్సు ప్రతినిధి ‘5 శాతమే సార్’ అంటే అది ఫ్లాట్ రేటు, అంటే బాకీ తగ్గుతున్నా మొదట తీసుకున్న అప్పు మొత్తం మీదే కట్టే వడ్డీ. 7 లక్షలకు ఐదేళ్లకు 5 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 1 లక్షా 75 వేలు, నెలకు 14,583 రూపాయలు. బ్యాంకులో తగ్గే బాకీ మీద 9 శాతం అంటే వినడానికి దాదాపు రెట్టింపులా ఉంటుంది కానీ నెల వాయిదా 14,531 రూపాయలే, అంటే ఇంకా తక్కువ. కాబట్టి శాతాలు వినకుండా, ఎంత అప్పు, ఎన్ని నెలలు, నెలకు ఎంత అన్న మూడు అంకెలే అడగాలి. బ్యాంకులో లోను ముందే మంజూరు చేయించుకుని వెళ్తే షోరూము ఫైనాన్సు కూడా ప్రాసెసింగ్ ఫీజు తగ్గించి దిగివస్తుంది, ఎందుకంటే తమ ద్వారా లోను ఇప్పిస్తే డీలరుకు కమీషను ముడుతుంది. మధ్యలో తీర్చేస్తే ఎంత వసూలు చేస్తారో ఫిక్స్‌డ్ రేటు లోనులో తప్పకుండా అడగాలి. బావగారిలాంటి వ్యాపారస్తులకు నగదుగా కట్టేస్తే ఇంకా తగ్గుతుందన్న నమ్మకం ఉంటుంది. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 నుంచి నిషేధించింది కనుక ఆ మాట షోరూములో ఎవరూ చెవిన పెట్టరు.

పాత కారు ఎక్స్చేంజిలో ఇవ్వడం తప్పు కాదు. అయితే వాళ్లు కట్టే ధర, ఎక్స్చేంజ్ బోనసు రెండూ కలిపిన మొత్తాన్నే బయట వచ్చే ధరతో పోల్చాలి. బోనసు 15 వేలు పెంచి కారు ధరలో 30 వేలు తగ్గించడం కొత్త విద్య కాదు. కొత్త కారు ధర పూర్తిగా తేలేదాకా పాత కారు ఉందన్న మాటే ఎత్తకపోవడం మంచిదని కొందరంటారు. నాకు అది పెద్దగా పనిచేసినట్లు అనిపించలేదు, ఎందుకంటే ఆ కారులోనే కదా షోరూముకు వెళ్తాం. బయట అమ్మినా, షోరూముకు ఇచ్చినా, ఆర్‌సీ పేరు మారేదాకా రికార్డుల్లో యజమాని మనమే. యజమాని పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చేసి మరచిపోతే తర్వాత వచ్చే చలాన్లు మన ఫోనుకే వస్తాయి.

ధర కుదిరిన తరువాత దాన్ని బ్రోచరు వెనుక పెన్నుతో రాసిస్తే తీసుకోకండి. బుకింగ్ ఫారం మీద వేరియంటు, రంగు, ఇన్సూరెన్సు మొత్తం, ఉచితంగా ఇస్తామన్న వస్తువులు, ఆన్-రోడ్ మొత్తం అన్నీ రాయించి, మేనేజరు సంతకం, స్టాంపు వేయించాలి. డబ్బు కంపెనీ ఖాతాకే వెళ్లాలి, కన్సల్టెంటు సొంత ఫోన్‌పే నంబరుకు కాదు, ఆ కుర్రాడు ఎంత మంచివాడైనా సరే. ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ‘డెలివరీ రోజు ఉన్న ధరే వర్తిస్తుంది’ అని ఉంటుంది. వెయిటింగు ఉన్న బండికి అది ఎంత ప్రమాదమో ధరలు పెరిగే జనవరిలో తెలుస్తుంది. దాన్ని తీసేయమంటే తీయరు కానీ, ధర పెరిగితే బుకింగు డబ్బు మొత్తం వెనక్కి ఇస్తామని రాసిస్తారు.

రిజిస్ట్రేషను కాకముందే యార్డుకు వెళ్లి మన బండిని మనం చూసుకోవాలి, ఎందుకంటే మన పేరున నంబరు పడ్డాక దాన్ని మార్చే దారి లేదు. ఛాసిస్ నంబరు ఇన్వాయిసుతో కలుస్తోందా, మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోంది, తలుపుల అంచుల్లో, బంపరు మూలల్లో రంగు తేడా ఏమైనా ఉందా అని పగటి వెలుగులో చూడాలి. టైరు గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2325 అని ఉంటే 2025లో ఇరవై మూడో వారంలో తయారైన టైరు. నాలుగు టైర్ల మీదా ఈ అంకెలు కొంచెం అటూఇటూగా ఉంటే ఫర్వాలేదు, ఒకటి మాత్రం ఏడాది తేడాతో ఉంటే అడగాలి. మా బండికి అలాంటిదేమీ లేదు కానీ బ్యాటరీ మీద తేదీ పాతగా ఉంటే మార్పించాము, దానికి వాళ్లు ఏమీ అనలేదు.

డెలివరీ అయిన వారం లోపు కంపెనీ నుంచి ఫోను వస్తుంది, ‘మీ అనుభవానికి పదికి ఎన్ని మార్కులు ఇస్తారు’ అని అడుగుతారు. ఆ మార్కుల మీద కన్సల్టెంటు ఇన్సెంటివు ఆధారపడి ఉంటుంది కనుక తాళాలు ఇచ్చేటప్పుడే ‘సార్, పదికి పది చెప్పండి సార్’ అని బతిమాలుతారు. మా కుర్రాడు అలా అడిగినప్పుడు ఇస్తామన్న రివర్స్ కెమెరా ఇంకా బిగించలేదని గుర్తుచేశాను. మర్నాడు సాయంత్రానికి బిగించి పంపించాడు. ఫోను వచ్చినప్పుడు నేనూ పదికి పదే చెప్పాను.